నిల్ కౌంట్‌కూ స్టెమ్ సెల్స్‌కూ ముడిపెట్టకండి

“ఇదివరకైతే నిల్ కౌంట్ అనగానే దాత వీర్యం గురించో, దత్తత గురించో ఆలోచించుకోమని చెప్పేవాళ్లమండీ. ఇప్పుడా బెంగ అక్కర్లేదు, స్టెమ్ సెల్స్ వచ్చేశాయి.” ఫోన్లో వచ్చే సంతాన సాఫల్య ప్రచార వీడియోల్లో ఈ మాట ఏదో ఒక రూపంలో వినపడుతూనే ఉంటుంది. పొట్ట దగ్గర కొవ్వులోంచో, నడుము ఎముక మూలుగలోంచో కణాలు తీస్తారట, శుద్ధి చేసి వృషణంలోకి ఎక్కిస్తారట, అక్కడవి వీర్యకణాలుగా మారతాయట. పోనీ ఇది వ్యాపారం గొడవ అని వదిలేద్దామంటే పత్రికల సైన్స్ పేజీలూ దాదాపు ఇదే పాట పాడుతున్నాయి. ఎలుకలో సాధించారు, కోతిలో సాధించారు, ఇక మనిషే మిగిలాడు అన్నట్టుంటుంది ఆ రాత. దాంతో చదువుకున్నవాళ్లలో కూడా ఒక నమ్మకం స్థిరపడిపోయింది. మూలకణాల మార్పిడి అనేది పిల్లలు పుట్టని మగవాళ్ల కోసం తయారవుతున్న చికిత్స అనీ, ఇవాళ కాకపోతే రేపు వచ్చి తీరుతుందనీ.

రేపు వస్తుందా ఎల్లుండి వస్తుందా అన్నదాని మీద నాకు పేచీ లేదు. ఎవరికోసం వస్తుంది అన్నదాని మీదే పేచీ. వీర్యంలో కణాలే లేవన్న నిల్ కౌంట్ రిపోర్టు చేత్తో పట్టుకుని కూర్చున్న ముప్పై అయిదేళ్ల మగవాడికి ఈ పరిశోధనవల్ల ఒరిగేది బహు తక్కువ, ఇంచుమించు శూన్యం. ముప్పై ఏళ్లుగా ఈ శాస్త్రం నడుస్తున్న దారి వేరే చోటికి పోతుంది. ఇంకా మీసం కూడా రాని, కేన్సర్ వార్డులో కీమో కోసం ఎదురుచూస్తున్న పిల్లవాడి దగ్గరికి. అడ్రసు తప్పుగా రాసిన ఈ ఆశవల్ల ఇద్దరూ నష్టపోతున్నారు. ఒకడి దగ్గర లేని మందుకు డబ్బు గుంజుతున్నారు, రెండోవాడికి ఉన్న దారి చెప్పడం లేదు.

అసలు జరిగిందేమిటో ముందు చూద్దాం. 1994లో అమెరికాలో, పెన్సిల్వేనియా యూనివర్సిటీ పశువైద్య కళాశాలలో, రాల్ఫ్ బ్రిన్‌స్టర్ బృందం రెండు పరిశోధనా పత్రాలు అచ్చువేసింది. వాళ్లు తీసుకున్న దాత ఎలుకల ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక బాక్టీరియా జీన్ ఉంటుంది. ఒక రసాయనం కలిపితే ఆ జీన్ పనిచేసే కణాలు నీలం రంగుకు తిరుగుతాయి. ఈ ఎలుకల వృషణాల్లోంచి కణాలు విడదీశారు. పుచ్చుకునే ఎలుకలు రెండు రకాలు. పుట్టుకతోనే వృషణాల్లో బీజకణాలు లేనివి కొన్ని, బుసల్ఫాన్ అనే కేన్సర్ మందు ఇచ్చి బీజకణాలను తుడిచిపెట్టినవి కొన్ని. సన్నగా సాగదీసిన గాజు సూదితో, మైక్రోస్కోపు కింద చూస్తూ, వృషణంలోని అతి సన్నని గొట్టాల్లోకి ఆ కణాలను ఎక్కించారు. నెలలు గడిచాక వృషణం బయటికి తీసి రంగు వేసి చూస్తే, తెల్లటి గొట్టాల మధ్య అక్కడక్కడ నీలం గొట్టాలు కనిపించాయి. దాత కణాలు వేళ్లూనుకుని కొత్త చోట వీర్యకణాలు తయారుచేస్తున్నాయన్నమాట. రెండో పత్రంలో ఇంకో అడుగు వేశారు. ఆ వీర్యకణాలతో పిల్లలు పుట్టాయి, ఒక్కోసారి ఈనిన పిల్లల్లో ఎనభై శాతం దాకా దాత సంతానమే.

ఇక్కడ మూడు సంగతులు గమనించాలి. ఎక్కించిన కణాలు వృషణంలోంచి తీసినవే, అవి పుట్టింటి పని మర్చిపోలేదు. పుచ్చుకున్న వృషణం ఖాళీగా ఉంది. ఖాళీగా ఉన్నా ఆరోగ్యంగా ఉంది. బీజకణాలను ఒళ్లో పెట్టుకుని సాకే సెర్టోలి కణాలు అందులో చెక్కుచెదరలేదు. నాట్లు వేసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. నారు ఆ పంటదే కావాలి, మడి దమ్ము చేసి సిద్ధంగా ఉండాలి, నేలలో సత్తువ ఉండాలి. ఈ మూడూ కుదిరిన చోటల్లా బ్రిన్‌స్టర్ ప్రయోగం పని చేసింది. మూడింట్లో ఒకటి తప్పిన చోట పని చెయ్యలేదు.

ఆ కణాలు ఎంత అరుదో కూడా చెప్పాలి. ఎలుక వృషణంలో పదివేల బీజకణాలు లెక్కపెడితే అసలు సిసలు మూలకణాలు మూడు దొరుకుతాయి. గొట్టం గోడకు ఆనుకుని అట్టడుగున ఉంటాయవి. వాటి సంతతిలో కొన్ని మూలకణాలుగానే మిగిలి వంశం నిలుపుతాయి, మిగిలినవి వీర్యకణాలయ్యే దారి పడతాయి. ఎలుకలో ఆ దారి పొడవు 35 రోజులు, మనిషిలో రెండు నెలల పైమాటే. ఎక్కించినవాటిలో కూడా గోడ దాకా పోయి చోటు సంపాదించుకునేవి నూటికి ఏ పదో.

ఇప్పుడు వీడియోలో చెప్పిన మాట దగ్గరికి వద్దాం. కొవ్వులోంచి తీసిన కణం వృషణంలో పెడితే వీర్యకణం అవుతుందా? “మూలకణం ఏదైనా అవుతుంది” అన్న ఒక్క ముక్క జనం నోళ్లలో నానుతోంది. అన్ని మూలకణాలూ అన్నీ కావు. కొవ్వులోనూ మూలుగలోనూ దొరికే మెసెంకైమల్ కణాలు అనుకూలమైన గిన్నెలో పెడితే ఎముక, మృదులాస్థి, కొవ్వు అవుతాయి. బీజకణాల వంశం వేరు. తల్లి కడుపులో పిండం ఏర్పడిన మొదటి వారాల్లోనే అది మిగతా ఒంటి నుంచి విడిపోయి పక్కన పడుతుంది. విడిపోయిన ఆ దారిని ప్రయోగశాలలో మళ్లీ మొదటినుంచి నడవాలంటే ఎంత కష్టమో జపాన్‌లో కట్సుహికో హయాషీ, మిటినోరీ సైటో 2011లో చేసి చూపించారు. పిండ మూలకణాలతో మొదలుపెట్టి, ఒక దశ తర్వాత ఒక దశ దాటించి, బీజకణానికి పూర్వరూపం దాకా తెచ్చి, అప్పుడు బీజకణాలు లేని పసి ఎలుక వృషణంలో పెట్టారు. అవి వీర్యకణాలయ్యాయి, పిల్లలు పుట్టాయి. పిండ మూలకణాన్ని తిన్నగా తీసుకెళ్లి వృషణంలో పెట్టేసి అదృష్టం పరీక్షించుకోవాలని చూస్తే అక్కడ పెరిగేది కణితి.

అంత జాగ్రత్తగా చేసినా ఎదురుదెబ్బలు తగిలిన చరిత్ర ఉంది. 2006లో కరీం నయెర్నియా బృందం ఎలుక పిండ మూలకణాలతో తయారైన వీర్యకణాలనుంచి ఏడు పిల్లల్ని పుట్టించింది. కొన్ని రోజులకో కొన్ని నెలలకో అన్నీ చచ్చిపోయాయి. అదే శాస్త్రవేత్త 2009లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌ నుంచి, మనిషి మూలకణాలతో వీర్యకణాలు చేశామని ప్రకటిస్తే ప్రపంచమంతా పతాక శీర్షికలు. ఉపోద్ఘాతం ఇంకొకరి రచనలోంచి ఎత్తుకొచ్చిందని తేలి ఆ పత్రాన్ని ఆ నెల తిరక్కుండానే పత్రికవాళ్లు వెనక్కి తీసుకున్నారు. శీర్షికలు గుర్తున్నవాళ్లున్నారు గాని ఉపసంహరణ గుర్తున్నవాళ్లు నాకింతవరకు తగల్లేదు.

“కణాలు మారకపోతే మానె, అవి వదిలే పదార్థాలు వృషణానికి బలమిస్తాయి కదా” అని ఈమధ్య మాట మార్చారు. బుసల్ఫాన్ ఇచ్చిన ఎలుకల్లో ఇలాంటి మేలు కనిపించిందని పత్రాలు చాలానే వచ్చాయి, కాదనను. అయితే బుసల్ఫాన్ మోతాదు తక్కువైతే మూలకణాలు పూర్తిగా చావవు. మిగిలిన కాసినీ కోలుకుని వాటంతటవే వంశం పెంచుకుంటాయి. బతికి ఉన్నవాటికి బలమివ్వచ్చు. వృషణంలో ఒక్క మూలకణమూ లేని మనిషికి, అంటే ముక్క తీసి పరీక్ష చేస్తే సెర్టోలి కణాలు తప్ప ఇంకేమీ కనపడని మనిషికి, దేనికి బలమిస్తారు?

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే సంగతి. నిల్ కౌంట్ ఎందుకు వస్తుంది? మగవాళ్లలో నూటికి ఒకరికి వీర్యంలో కణాలే ఉండవు. కొందరిలో తయారీ బాగానే ఉండి దారి మూసుకుపోతుంది. వాళ్లకు మూలకణాల అవసరమే లేదు, సూదితో లాగితే వీర్యకణాలు దొరుకుతాయి. తయారీయే దెబ్బతిన్నవాళ్లది అసలు సమస్య. వాళ్లలో చెప్పుకోదగ్గ వంతుకు కారణం జన్యువుల్లోనే ఉంటుంది. హైదరాబాద్ సీసీఎంబీలో తంగరాజ్, లాల్జీ సింగ్ బృందం 2003లో ప్రచురించిన అధ్యయనం మన దేశపు మగవాళ్ల మీదే జరిగింది. 340 మంది నిల్ కౌంట్ మగవాళ్లను పరీక్షిస్తే 29 మందిలో, అంటే 8.5 శాతం మందిలో, వై క్రోమోజోములో ముక్కలు ఎగిరిపోయి ఉన్నాయి. క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో ఎక్స్ క్రోమోజోము ఒకటి ఎక్కువుంటుంది. ఇవి కాక ఒక్కో జీన్‌లో తప్పులు.

వై క్రోమోజోములో ముక్క ఎగిరిపోయిన మనిషి పొట్ట కొవ్వు కణంలో ఏ వై ఉంటుంది? అదే వై. మూలుగ కణంలో? అదే వై. “మీ సొంత కణాలే కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు” అని గర్వంగా చెప్పే మాటలోనే చికిత్స పనికిరాదన్న నిజం దాగి ఉంది. సొంత కణాలు కాబట్టే సొంత లోపం కూడా వెంట వస్తుంది. ఏ లోపంవల్ల వృషణంలో పంట పండలేదో ఆ లోపం ఒంట్లో ప్రతి కణంలోనూ రాసి ఉంది. ఆ కణాన్ని ఏ మంత్రం వేసి వీర్యకణంగా మార్చబోయినా అదే చోట ఆగిపోతుంది. పోనీ ఆగలేదనుకుందాం, పుట్టే మగపిల్లవాడికి ఆ ముక్క ఎగిరిపోయిన వై వారసత్వంగా అందుతుంది.

పోనీ వేరేవాళ్ల కణాలు ఎక్కిద్దామంటే ఒంటి రోగనిరోధక వ్యవస్థ ఊరుకోదు. ఊరుకున్నా పుట్టే బిడ్డ దాత బిడ్డే. దాత బిడ్డే కావాలనుకుంటే దాత వీర్యం ఉంది, చట్టబద్ధంగా నడిచే బ్యాంకుల్లో దొరుకుతుంది, ఆపరేషన్ అక్కర్లేదు. లోపమున్న జీన్‌ని సరిచేసి తిరిగి పెట్టవచ్చు గదా అని అడిగేవాళ్లున్నారు. ఎలుకల్లో అది చేశారు కూడా. మనిషి బీజకణాల జన్యువుల్లో వేలు పెట్టి బిడ్డను పుట్టించడానికి మన దేశంలో అనుమతి లేదు, ఇంకో తరానికి పోయే మార్పు కాబట్టి ఉండకూడదనే నా అభిప్రాయం కూడా.

గవదబిళ్లలు వృషణానికి దిగినవాళ్లూ, వృషణాలు సంచిలోకి దిగకుండా పెద్దయినవాళ్లూ ఉన్నారు. జన్యువులు బాగానే ఉండి, తర్వాత దెబ్బ తగిలి మూలకణాలు పోయినవాళ్లు. తర్కం ప్రకారం మార్పిడి పని చెయ్యాల్సింది వీళ్లకే. కాని ఏది మార్పిడి చేస్తారు? పోయిన కణాలు ఎక్కడా దాచి లేవు. మిగిలిన ఒకటి రెండిటిని బయట పెంచి లక్షలు చేద్దామంటే, ఎలుక కణాల విషయంలో అది క్యోటోలో తకాషీ షినోహరా వాళ్లు 2003లోనే సాధించారు, రెండేళ్లకు పైగా పెరుగుతూనే పోయాయి. మనిషి కణాల విషయంలో ఒక ల్యాబ్ చేశామన్నది ఇంకో ల్యాబ్‌లో నిలవడం లేదు. పైగా ఎన్నో ఏళ్లు వాచి మానిన వృషణంలో గొట్టాలు గట్టిపడి మచ్చగా మారి ఉంటాయి. నారూ లేదు, మడీ లేదు.

“ఇవన్నీ పుస్తకాల మాటలు, మా దగ్గర పేషెంట్‌కి కౌంట్ వచ్చింది, రిపోర్ట్ చూడండి” అని అడ్డుపడతారు. నిజంగానే వచ్చి ఉండవచ్చు. నిల్ అని రాసిన మనిషి వీర్యాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగున పేరుకున్నదాన్ని ఓపిగ్గా వెతికితే కొందరిలో ఒకటో రెండో కణాలు కనిపిస్తాయి. ఒక నెల కనిపించి ఇంకో నెల మాయమవుతాయి. తయారీ దెబ్బతిన్నవాళ్లలో కూడా మైక్రోస్కోపు పెట్టి వృషణంలో గొట్టాలను ఒక్కొక్కటే వెతికే మైక్రో టీసీ ఆపరేషన్ చేస్తే దాదాపు సగం మందిలో వీర్యకణాలు దొరుకుతాయి. 1999 నుంచి ఈ ఆపరేషన్ ఉంది. ఏ మూలకణమూ ఎక్కించకుండానే సగం మందిలో దొరికేదాన్ని, ముందు ఒక ఇంజక్షన్ ఇచ్చి తర్వాత వెతికి, ఇంజక్షన్ ఖాతాలో రాసుకోవడం ఏ న్యాయం?

బ్రిన్‌స్టర్ నీలం రంగు ఎందుకు వాడాడో ఇప్పుడు అర్థమవుతుంది. కనిపించిన వీర్యకణం ఎక్కించినదాని సంతానమా, లోపల మిగిలినదాని సంతానమా అన్న ప్రశ్నకు జవాబు చెప్పలేనివాడికి విజయం ప్రకటించే హక్కు లేదు. ఆ నిజాయితీకి కొలమానం కావాలంటే 2012 నాటి కోతుల ప్రయోగం చూడండి. పిట్స్‌బర్గ్‌లో కైల్ ఆర్విగ్ బృందం కీమో ఇచ్చిన రీసస్ కోతుల వృషణాల్లోకి మూలకణాలు ఎక్కించింది. పరాయి కోతి కణాలు పుచ్చుకున్న ఒక కోతి వీర్యకణాలతో 81 పిండాలు తయారయ్యాయి. డీఎన్‌ఏ పరీక్ష చేస్తే వాటిలో దాత కణాల సంతానమని తేలినవి ఏడు. పిండాలు 81 అయినా ఆ బృందం చెప్పుకున్న విజయం ఏడే. డీఎన్‌ఏ పరీక్ష చెయ్యకుండా ఉండి ఉంటే? మొత్తం 81 తమ ఘనతే అని చెప్పుకోడానికి ఎవరు అడ్డొస్తారు? మన దగ్గర క్లినిక్‌ల బ్రోషర్లలో కనిపించే శాతాలన్నీ ఆ పరీక్ష చెయ్యని శాతాలు.

“ప్రయత్నిస్తే పోయేదేముంది?” అన్నది చివరి అస్త్రం. పోయేవి చాలానే ఉన్నాయి. డబ్బు సంగతి అందరికీ తెలిసిందే. పైకి కనిపించకుండా పోయేది భార్య వయసు. మగవాడి వృషణంలో ఇంజక్షన్లు ఇస్తూ ఆరేసి నెలలు ఆగి చూస్తున్నకొద్దీ ఆవిడ అండాలు తరిగిపోతుంటాయి. ఆవిడకు ముప్పై రెండు ఉన్నప్పుడు అయ్యే పని ముప్పై ఎనిమిదిలో అవకపోవచ్చు. ఎక్కించే చోటే చిన్నది, లోపల రక్తం గడ్డకట్టినా, మచ్చపడినా, ఉన్న కాస్త తయారీ కూడా పోతుంది. అన్నిటికీ మించి, నయమయ్యే జబ్బులు మరుగున పడతాయి. జిమ్‌లో కండల కోసం టెస్టోస్టిరాన్ ఇంజక్షన్లు పొడిపించుకున్న కుర్రాడికి కౌంట్ సున్నాకు పడిపోతుంది. చాలామందికి అవి మానేస్తే నెలల్లో తిరిగి వస్తుంది. మెదడులోని పిట్యుటరీ గ్రంథి నుంచి హార్మోన్లు రాకపోవడంవల్ల నిల్ అయినవాళ్లకు హెచ్‌సీజీ, ఎఫ్‌ఎస్‌హెచ్ ఇంజక్షన్లతో వీర్యకణాలు తయారవుతాయి, మగవాళ్ల వంధ్యత్వంలో మందులతో ఇంత బాగా లొంగే జబ్బు మరొకటి లేదు. వీటికి కావలసింది ఒక రక్త పరీక్ష, నాలుగు ప్రశ్నలు. ప్యాకేజీ మీద ధ్యాస ఉన్నవాడు ఆ నాలుగు ప్రశ్నలు అడగడు.

చట్టం సంగతి పొట్టిగా. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధమైన కొన్ని జబ్బులకు చేసే మూలుగ మార్పిడి తప్ప మరే మూలకణ చికిత్సనూ మామూలు వైద్యంగా అమ్మకూడదు. అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌గా చెయ్యాలి. ట్రయల్‌లో చేరినవాళ్ల దగ్గర దానికి డబ్బు పుచ్చుకోకూడదు. రసీదు ఇస్తున్నారంటే అది ట్రయల్ కాదు.

ఇక సైన్స్ పేజీల ధోరణి. ఎలుక, కోతి, మనిషి అని మెట్లు కట్టి చూపిస్తారు. మెట్ల మధ్య ఎంత దూరముందో చూపించరు. ఎలుక వృషణంలో దానికి దగ్గరి చుట్టమైన ర్యాట్ కణాలు పెడితే ర్యాట్ వీర్యకణాలు వచ్చాయి, 1996లో. కుందేలు, కుక్క కణాలు బతికాయి గాని వీర్యకణాలు కాలేదు. మనిషి కణాలను 2002లో ఎలుక వృషణంలో పెడితే ఆరు నెలల దాకా బతికాయి, అంతకుమించి ముందుకు కదల్లేదు. మనుషుల్లో మొదటి ప్రయత్నం అంతకు ముందే జరిగింది. ఇంగ్లండులో మాంచెస్టర్‌లో జాన్ రాడ్‌ఫర్డ్ లింఫోమా కేన్సర్ వచ్చిన పన్నెండు మంది నుంచి కీమోకు ముందు వృషణ కణాలు తీసి గడ్డకట్టించాడు. 1999లో మొదలుపెట్టి వాళ్లలో ఏడుగురికి తిరిగి ఎక్కించారు. ఫలితాలు ఎక్కడా పూర్తిగా అచ్చుకాలేదు. అచ్చుకాని ఫలితం ఏమిటో ఊహించడం కష్టం కాదు. తర్వాత రెండు దశాబ్దాలు నిశ్శబ్దం. 2025లో పిట్స్‌బర్గ్ బృందమే మళ్లీ ఒక యువకుడి వివరం బయటపెట్టింది. చిన్నప్పుడు ఎముక కేన్సర్ వచ్చినప్పుడు దాచిన అతని కణాలనే, పెద్దయ్యాక, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదితో వృషణంలోకి పంపారు. ఆ పత్రం రాసేనాటికి అతని వీర్యంలో కణాలు కనపడలేదని వాళ్లే స్పష్టంగా రాశారు. అదే ఏడాది ఆరంభంలో బ్రస్సెల్స్‌లో ఇంకో యువకుడికి, సికిల్ సెల్ జబ్బుకు మూలుగ మార్పిడి చేసే ముందు పదేళ్ల వయసులో దాచిన అతని వృషణ ముక్కలనే తిరిగి అతికారు.

ఈ ఇద్దరి గురించి వచ్చిన వార్తల్లో “సంతానం లేని మగవాళ్లకు కొత్త ఆశ” అన్న శీర్షికలే ఎక్కువ. ఇద్దరూ కీమోకు ముందు తమ కణాలు దాచుకున్నవాళ్లు. ఇద్దరికీ దెబ్బ బయటినుంచి తగిలింది, జన్యువుల్లోంచి రాలేదు. ఇద్దరి నారూ దెబ్బ తగలకముందే తీసి పక్కన పెట్టినది. దాచుకోని లక్షలాది మగవాళ్లకు ఇందులో ఆశ ఎక్కడుంది?

మనిషిని పక్కనబెడితే ఈ శాస్త్రం నిజంగా పండిన చోటు చేపల తొట్టి. టోక్యోలో గోరో యోషిజాకీ సొంత పిల్లల్ని కనలేని సాల్మన్ చేపల్లోకి ట్రౌట్ బీజకణాలు పంపి, 2007 నాటికి సాల్మన్ తల్లిదండ్రులకు అచ్చంగా ట్రౌట్ పిల్లలే పుట్టేలా చేశాడు. హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీ వాళ్ల లాకోన్స్ ప్రయోగశాలలో చుక్కల దుప్పి పిల్లల వృషణ ముక్కలు గడ్డకట్టించి ఎలుకల చర్మం కింద అతికి, బీజకణాలు ఎదుగుతాయా అని చూశారు. అరుదైన జంతువులు పిల్లలుగా ఉండగానే చచ్చిపోతే వాటి వంశాన్ని కాపాడటానికి పనికొచ్చే పని ఇది. మనవాళ్లు చేసిన ఈ పని గురించి ఒక్క ముక్క రాయని పత్రికలు, ఊరూ పేరూ లేని క్లినిక్ ప్రకటనకు అరపేజీ ఇస్తాయి.

ఆ దుప్పి పని తీరే మగపిల్లలకూ దారి చూపుతోంది. కణాలు విడదీసి ఎక్కించడంకన్నా ముక్కకు ముక్కగా అతికితే, కణాలను సాకే సెర్టోలి కణాలు కూడా వెంటే వస్తాయి. పిట్స్‌బర్గ్‌వాళ్లు 2019లో ప్రకటించిన గ్రేడీ అనే కోతి పిల్ల ఇలా పుట్టిందే. ఈడు రాని మగ కోతుల వృషణ ముక్కలు గడ్డకట్టించి, తర్వాత వాటి చర్మం కిందే అతికితే, అందులో వీర్యకణాలు తయారయ్యాయి. 1992లో వచ్చిన ఇక్సీ పద్ధతిలో ఒక అండానికి ఒక్క వీర్యకణం చాలు కాబట్టి గుప్పెడు దొరికినా పనవుతుంది.

ఇందులో కూడా ప్రమాదముంది. లుకేమియా ర్యాట్ల వృషణ కణాలను ఆరోగ్యంగా ఉన్న ర్యాట్లకు ఎక్కిస్తే జబ్బు వాటికీ అంటుకుందని, అందుకు ఇరవై కేన్సర్ కణాలు చాలునని 2001లో స్వీడన్ పరిశోధకులు చూపించారు. పిల్లల కేన్సర్లలో ఎక్కువగా వచ్చేది లుకేమియానే, అది వృషణాల్లో దాక్కునే అలవాటున్న జబ్బు. అందుకే ఆ పిల్లల ముక్కల్ని తిరిగి ఒంట్లో పెట్టడానికి ఇవాళ ఎవరూ సాహసించరు. బయటే వీర్యకణం దాకా పెంచే పద్ధతి వస్తే తప్ప వాళ్లకు ఉపయోగం లేదు.

“మరి హామీ లేనిదాన్ని జబ్బుపడ్డ పిల్లవాడికి చెయ్యమంటారా?” అని నన్ను తిరిగి అడగవచ్చు. తప్పకుండా అడగాల్సిన ప్రశ్నే. తేడా ఏమిటంటే అక్కడ ఎవరూ మాటివ్వడం లేదు. పరిశోధన అనుమతుల కింద, ఎలాగూ మత్తు ఇస్తున్నప్పుడు, ఒక వృషణంలోంచి చిన్న ముక్క తీసి దాస్తారు. పని చేస్తుందో లేదో తెలియదని తల్లిదండ్రులకు ముందే చెప్తారు. ప్రపంచం మొత్తం మీద ఇలా దాచిన పిల్లలు మూడు వేలకు పైనే ఉన్నారు. ఎనిమిదేళ్లవాడికి ఆ ముక్కతో అవసరం పడేది ఏ ముప్పై ఏళ్లకో. శాస్త్రవేత్తలకు ఇరవై ఏళ్లు గడువుంది. కీమో అయిపోయాక మాత్రం దాచడానికి ఏమీ మిగలకపోవచ్చు. నిల్ కౌంట్ మగవాడి పరిస్థితి దీనికి పూర్తిగా తలకిందులు. అతన్ని లేని చికిత్సకు ఇవాళే డబ్బు కట్టమంటున్నారు.

ఈడొచ్చిన కుర్రాళ్లకైతే ఇంత కూడా అక్కర్లేదు. గడ్డకట్టించిన వీర్యంతో గర్భాలు వచ్చిన సంగతి 1953లోనే అచ్చయింది, డెబ్బై ఏళ్ల పాతపడ్డ పని అది. పదహారేళ్లవాడు కీమో మొదలుపెట్టే ముందు ఒకటి రెండు శాంపిళ్లు ఇస్తే చాలు, మూలకణాల గొడవే రాదు. ఒకటి రెండు రోజుల పని. అయినా మన కేన్సర్ వార్డుల్లో చాలామంది కుర్రాళ్లకు ఈ మాట ఎవరూ చెప్పరు. ప్రాణం గురించి మాట్లాడుతుంటే పిల్లల గురించేమిటని డాక్టరు మొహమాటపడతాడు, పెళ్లికాని పిల్లవాడి దగ్గర ఇవేం మాటలని తండ్రి తల తిప్పుకుంటాడు. ముప్పై ఏళ్లకు అతనే నిల్ కౌంట్ రిపోర్టుతో వచ్చి స్టెమ్ సెల్ ప్యాకేజీ గురించి అడుగుతాడు. మొదటి కీమో సీసా తగిలించే ముందే ఈ మాట జరగాలి. అదీ కుర్రాడితో విడిగా, అమ్మానాన్నల్ని కాసేపు బయట కూర్చోమని.